ఆగిపోతున్న హార్డ్ డిస్క్ నుంచి పెద్దత్త పాటలు బయటికి తీసుకున్నాం – నా అనుభవం

దంపుళ్ల పాటలు, లాలి పాటలు, నలుగు పాటలు, అప్పగింతలు, మంగళహారతులు. దుగ్గిరాలలో మా పెద్దత్త నోట విన్నవన్నీ ఏళ్ల తరబడి రికార్డు చేసి పెట్టుకున్నాను. ఆవిడ ఒక్కతే కాదు, నేను రికార్డర్ పట్టుకుని వెళ్లానంటే వీధిలో ఆడవాళ్లందరినీ కేకేసి అరుగు మీద కూర్చోబెట్టేది. ఒకరు మరిచిపోయిన చరణం ఇంకొకరు అందుకునేవారు. పెద్దత్త ఇప్పుడు లేదు. ఆ అరుగు మీద పాడినవాళ్లలో చాలామంది కూడా లేరు. మిగిలింది ఒక 1 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్క్‌లో ఉన్న గొంతులే.

రెండో కాపీ విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో మా తమ్ముడి ఇంట్లో ఉండేది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్‌ని ముంచేసినప్పుడు వాళ్ల కింది వాటా రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. బీరువా అడుగు అరలో ఉన్న ఆ డిస్కు బురదతో బయటపడింది. ఆ రోజుల్లో మనుషులు క్షేమంగా ఉన్నారన్న కబురు తప్ప ఇంకేం ఆలోచించలేదు. అలా గుంటూరులో నా దగ్గరున్నదే ఏకైక కాపీ అయింది. ఎండాకాలంలో అది కూడా మొరాయించింది.

మొదట కనిపించిన లక్షణం నెమ్మదితనం. ఫోల్డర్ నొక్కితే పైన పచ్చగీత పాకుతూ పాకుతూ వెళ్లేది, ఫైళ్ల పేర్లు రావడానికి నిమిషాలు పట్టేది. తర్వాత శబ్దం మొదలైంది. డిస్కు మామూలుగా తిరుగుతూ తిరుగుతూ ఒక్కసారి టిక్కుమని ఆగి, మళ్లీ వేగం అందుకునేది. ఆ మర్నాడు విండోస్ ఒక పెట్టె చూపించింది: డిస్కులో లోపం ఉంది, స్కాన్ చేసి సరిచేయమంటారా అని. అది మూసేశాను. తర్వాత ఇంకోసారి, ఈ డిస్కును ఫార్మాట్ చేయాలి అంటూ మరో పెట్టె. అదీ మూసేసి డిస్కు తీసి పక్కన పెట్టాను.

ఆ రెండు పెట్టెల దగ్గర ఏం నొక్కుతామన్నదాని మీదే మిగతా కథంతా ఆధారపడి ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. స్కాన్ చేసి సరిచేయడమంటే విండోస్ చెక్‌డిస్క్ నడుపుతుంది. దాని పని ఫైళ్లను కాపాడటం కాదు, ఏ ఫైలు ఎక్కడుందో డిస్కు రాసుకునే ఫైల్ పట్టికలో లెక్కలు కుదిరేట్టు చూడటం. అందుకోసం అది డిస్కు మీద రాస్తుంది. చదవలేకపోయిన చోట పట్టికలో వరుసలే కొట్టేయొచ్చు. డిస్కు బాగుండి లెక్క మాత్రమే తప్పితే అది మంచి మందు. లోపలి యంత్రమే పాడవుతుంటే మాత్రం ఒక్క అక్షరం కూడా రాయకూడదు, చదవడం కూడా ఎంత తక్కువైతే అంత మంచిది. లోపల హెడ్ పళ్లెం మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ చదువుతుంది. అది అలిసిపోతున్నప్పుడు మనం చేయించే ప్రతి చదువూ చివరిది కావచ్చు.

తీగ మార్చి చూశాను. పోర్టబుల్ డిస్కులకు వచ్చే ఆ వెడల్పాటి యూఎస్‌బీ మూతి వదులైతే కూడా ఇలాంటి వేషాలే వస్తాయి. మార్చినా తేడా లేదు. అప్పుడు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచాను. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ అంకెలను ఇది చదివి చూపిస్తుంది. పసుపు రంగులో 'కాషన్' అని వచ్చింది. చూడాల్సినవి ముఖ్యంగా మూడు వరుసలు: 05, సీ5, సీ6. చెడిపోయి వేరే చోటికి మార్చేసిన సెక్టార్లు, అంటే డిస్కు సమాచారం రాసుకునే చిన్న గదులు, 05లో ఉంటాయి. చదవలేక, ఏ సంగతీ తేల్చుకోలేక ఆపి ఉంచినవి సీ5లో, సరిచేయలేకపోయినవి సీ6లో ఉంటాయి. నాకు సీ5 ఎదురుగా 1ఏ8 అని కనిపించింది. ఆ అంకెలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో, అంటే పదహార్ల లెక్కలో చూపిస్తారు, మన లెక్కలో అది 424. రెండు గంటల తర్వాత మళ్లీ చూస్తే పెరిగి ఉంది. ఒకసారి చెడి ఆగిపోయిన డిస్కు వేరు, గంట గంటకూ చెడుతున్న డిస్కు వేరు. ఇది రెండో రకం.

అరండల్‌పేటలో ఒక షాపుకు తీసుకెళ్లాను. కౌంటర్ దగ్గర కుర్రాడు తీగ గుచ్చి, "ఫార్మాట్ కొట్టేసి రికవరీ సాఫ్ట్‌వేర్ పెడదాం మేడం, సాయంత్రానికి ఇచ్చేస్తా" అన్నాడు. అప్పటికే మౌసు అక్కడికి వెళ్తోంది. "వద్దు బాబూ, తీసెయ్" అని డిస్కు తీసుకుని వచ్చేశాను. బాగున్న డిస్కులో పొరపాటున ఫైళ్లు చెరిపేసుకున్న వాళ్లకు అతని పద్ధతి పనికొస్తుందేమో. పాడవుతున్న డిస్కును మొదటి నుంచి చివరిదాకా ఊడ్చే సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తే, చెడిన చోటే పదేపదే తల బాదుకుని ఉన్న కాస్త ప్రాణం కూడా తీస్తుంది.

బ్రాడీపేటలో ఇంకో చిన్న కొట్టు ఉంది, పెద్దాయన ఒక్కరే కూర్చుంటారు. ఆయన డిస్కును చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నారు. "హెడ్ ఇంకా చదువుతోందమ్మా. సైజు సరిగ్గానే చూపిస్తోందా?" అని అడిగారు. చూపిస్తోందన్నాను, 931 జీబీ అని. "అయితే విప్పొద్దు. నన్ను కూడా విప్పమనొద్దు. ముందు మొత్తం డిస్కుకి ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు నకలు తీసుకోండి, తర్వాత ఏం చేసినా దాని మీద చేసుకోండి" అన్నారు. డబ్బు తీసుకోలేదు. పెట్టె ఊడదీసి, కంప్యూటర్ లోపల డిస్కులకు వాడే సాటా తీగ నేరుగా తగిలిస్తే మేలేమో అని అడిగితే, ఈ మోడల్‌లో యూఎస్‌బీ మూతి బోర్డు మీదే అతికి ఉంటుంది, సాటా ఉండదు, ఊరికే పెంకు పగలగొట్టుకోవడమే అని చెప్పారు. ఎప్పుడు చేయి పెట్టకూడదో కూడా ఆయనే చెప్పారు: పెట్టగానే టక్ టక్ టక్కుమని ఆగకుండా కొట్టుకున్నా, సైజు సున్నా చూపించినా, కంప్యూటర్ అసలు గుర్తుపట్టకపోయినా ఇంట్లో చేసేది ఏమీ లేదు, దుమ్ము లేని గదిలో విప్పే ల్యాబుకే పంపాలి. అలాంటి పనికి పదుల వేలు అవుతుంది. కింద పడి శబ్దం వస్తున్న డిస్కును ఒక్కసారైనా పెట్టి చూడాలన్న ఆశ చంపుకోమన్నారు. ఆయన మాట మీద నాకు గురి కుదిరింది.

మా ఇంటి పక్కావిడ ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందట అని చెప్పింది. చాలామంది చెబుతుంటారు. గుంటూరు మే నెల గాలిలోకి చల్లటి డిస్కును తీస్తే లోపలా బయటా తేమ పడుతుంది. తడి పళ్లెం మీద హెడ్ తిరిగితే ఇక ల్యాబు కూడా ఏమీ చేయలేదు.

సింగ్ నగర్ నుంచి మా మేనల్లుడు వచ్చాడు. బీటెక్ చదువుతున్నాడు, లైనక్స్ అంటే ప్రాణం పెడతాడు. వస్తూ వస్తూ ఉబుంటు అనే లైనక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ తెచ్చాడు. ఆరేడు వేలు పెట్టి కొత్త 2 టీబీ డిస్కు కొన్నాను. పాత డిస్కులో పాటలు కొద్దిగానే ఉన్నా ఇమేజ్ మాత్రం పూర్తి 1 టీబీ అవుతుంది. అది ఒకే ఫైలుగా ఉంటుంది కాబట్టి కొత్త డిస్కు ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉండకూడదు, అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. వాడు లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4లో ఫార్మాట్ చేశాడు.

విండోస్ బదులు లైనక్స్ ఎందుకంటే, డిస్కు పెట్టగానే విండోస్ దాన్ని తెరవాలని, లోపల చూడాలని, బొమ్మలకు చిన్న చిత్రాలు తయారు చేయాలని ఉబలాటపడుతుంది. ఉబుంటు కూడా పెట్టగానే తెరుస్తుంది, కానీ ఆ అలవాటు ముందే ఆపేయొచ్చు. ఆపాకే పాత డిస్కు తగిలించాం. వాడు వాడింది గ్నూ డీడీరెస్క్యూ, పాడవుతున్న డిస్కుకు ఇమేజ్ తీసే ప్రోగ్రామ్. ఉబుంటులో దాన్ని వేసుకోవాలంటే ప్యాకేజీ పేరు 'జీడీడీరెస్క్యూ' అని కొట్టాలి, ఆ ముందు జీ తెలియక తికమక పడేవాళ్లు చాలామంది.

ఆదేశం కొట్టేముందు ఒక్క పని మాత్రం ఇద్దరం కలిసి చేశాం. ఏది పాతది, ఏది కొత్తది అన్నది. రెండూ తారుమారైతే ఖాళీ డిస్కు వెళ్లి పాటల మీద పడుతుంది, ఇక అంతే. వాడు తెర మీద మోడల్ పేరు, సైజు చదివాడు, నేను డిస్కుల వెనక అతికించిన కాగితాలు చూసి సరిపోల్చాను. "అత్తా, సీరియల్ నంబర్ కూడా చదువు" అన్నాడు. చదివాను. లైనక్స్ డిస్కులకు పెట్టే ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనే పేర్లను కూడా వాడు నమ్మలేదు. డిస్కు మధ్యలో ఊడి మళ్లీ పెట్టాల్సి వస్తే ఆ పేర్లు మారిపోతాయట. సీరియల్ నంబరుతో ఉండే 'బై-ఐడీ' పేరే రాశాడు. తర్వాత డిస్కు నిజంగానే చాలాసార్లు ఊడింది, పేరు మారింది. ఆ జాగ్రత్త మమ్మల్ని కాపాడింది.

డీడీరెస్క్యూ పనితీరు మన వైపు వాళ్లకు మిరపకోత చెబితే అర్థమవుతుంది. మొదటి కోతలో పండినవి చకచకా ఏరుకుని వెళ్తారు, పచ్చివాటి దగ్గర ఆగరు, వాటికోసం మళ్లీ వస్తారు. ఇదీ అంతే. చదవడం కష్టమైన చోటు తగలగానే దాన్ని గుర్తుపెట్టుకుని దూకి ముందుకు పోతుంది. తేలిగ్గా వచ్చేదంతా ముందు వచ్చేస్తుంది. వదిలేసిన చోట్ల అంచులు తర్వాత కోస్తుంది, ఆ తర్వాత లోపలికి సెక్టారు సెక్టారుగా గోకుతుంది. మొదటి విడతలో గోకుడు వద్దని 'ఎన్' ఆప్షన్ పెట్టాం. ఎక్కడిదాకా వచ్చిందో, ఎక్కడెక్కడ వదిలిందో అంతా మ్యాప్ ఫైలు అనే చిన్న రాత ఫైలులో రాసుకుంటుంది. కరెంటు పోయినా, డిస్కు ఊడినా, మళ్లీ అదే ఆదేశం కొడితే ఆగిన చోటి నుంచి మొదలవుతుంది. ఈ మ్యాప్ ఫైలును కొత్త డిస్కులోనే పెట్టాలి. పెన్‌డ్రైవ్ మీద నడిచే ఉబుంటు డెస్క్‌టాప్ అంతా ర్యామ్‌లో ఉంటుంది, అక్కడ పెడితే సిస్టమ్ ఆపగానే మాయమవుతుంది.

మొదట సెకనుకు 90 ఎంబీ దాకా వేగం వచ్చింది. ఆ లెక్కన మూడు గంటల పని. గంట తిరక్కుండానే వేగం కిలోబైట్లకు పడిపోయింది, టిక్కు శబ్దం, మళ్లీ లేచింది. చేతితో ముట్టుకుంటే పెట్టె కాలుతోంది. రోహిణి కార్తె, పైన తిరిగే ఫ్యాను గాలి కూడా వేడే. పగలు ఆపేశాం. రాత్రి పదకొండు దాటాక మొదలుపెట్టి, డిస్కును స్టీలు పళ్లెం మీద పెట్టి టేబుల్ ఫ్యాను దగ్గరికి జరిపాం. స్మార్ట్‌లో ఉష్ణోగ్రత 50 దాటితే ఆపడం, చల్లారాక మళ్లీ మొదలుపెట్టడం. ఇన్వర్టర్ ఉంది కాబట్టి కరెంటు కోతలు పెద్దగా బాధించలేదు.

మొదటి విడత అయ్యేసరికి రెండు జీబీకి కాస్త తక్కువగా మిగిలింది. అక్కడి నుంచి ఒక్కో ఎంబీకీ పోరాటమే. మేనల్లుడు విజయవాడ వెళ్లిపోయి ఫోనులో చెబుతుంటే నేనే నడిపాను. చివరి నుంచి వెనక్కి చదివించే ఆప్షన్ ఒకటుంది, పెద్ద అక్షరం 'ఆర్'. ముందు నుంచి వస్తే గుంటలో పడి ఆగిపోయే చోట, వెనక నుంచి వస్తే గుంట అవతలి గట్టు మొత్తం దక్కుతుంది. అది పెట్టాక ఒక్క రాత్రిలో చాలా భాగం వచ్చేసింది. ఆఖరికి 11 ఎంబీ దగ్గర బండి నిలిచిపోయింది. ఎన్నిసార్లు తిప్పినా అంకె కదల్లేదు, టిక్కులు మాత్రం ఎక్కువయ్యాయి. అక్కడ ఆపుదామని నేనే అన్నాను. పాత డిస్కు తీగ తీసేశాను. మళ్లీ పెట్టలేదు.

ఇక మిగతా పనంతా ఇమేజ్ మీదే కాబట్టి మనసు కుదుటపడింది. ఇమేజ్‌ని చదవడానికి మాత్రమే తెరిస్తే చాలా ఫోల్డర్లు కనిపించాయి, దుగ్గిరాల ఫోల్డరు మాత్రం ఖాళీ. గుండె జారింది. పోయిన ఫైళ్లను వెతికే టెస్ట్‌డిస్క్ ప్రోగ్రామ్‌తో చూస్తే అందులో ఫైళ్లన్నీ ఉన్నాయి. ఫోల్డరు సూచిక పాడైందంతే, ఫైల్ పట్టికలో వరుసలు ఉన్నాయి. తెలుగులో పెట్టిన ఫైల్ పేర్లు ఆ నల్లతెర మీద గుణింతాలు ఒక చోట, ఒత్తులు ఒక చోట అయి చదవడానికి రాలేదు. కాపీ అయ్యాక చూస్తే అన్నీ సరిగ్గా ఉన్నాయి: 'పెద్దత్త – నలుగు – చెల్లి పెళ్లికి ముందు' అని నేను రాసుకున్నట్టే. టెస్ట్‌డిస్క్‌కు చిక్కని కొన్నిటికి ఫోటోరెక్ వాడాం. అది పట్టికతో పనిలేకుండా ఫైలు మొదటి బైట్లు చూసి గుర్తుపడుతుంది కానీ పేర్లు ఉండవు, 'ఎఫ్' తర్వాత ఒక పొడవాటి అంకె. ప్రతిదీ విని పేరు పెట్టుకోవాల్సిందే. విన్నాను.

ఆ 11 ఎంబీ ఏ ఫైళ్లలో పడింది? ఇది తెలియకపోతే మొత్తం వచ్చిందని మురిసిపోయి, ఎప్పుడో ఒకనాడు సగం పాటలో నిశ్శబ్దం వింటాం. డీడీరెస్క్యూలో దీనికో మార్గం ఉంది. మ్యాప్ ఫైలు చూపించి, చదవలేకపోయిన చోట్లన్నిటా ఇమేజ్‌లో మనకు నచ్చిన ఒక గుర్తు పదం నింపమనొచ్చు. ఆ తర్వాత ఆ పదం ఏ ఫైళ్లలో ఉందో వెతికితే గాయపడినవి పేర్లతో సహా బయటపడతాయి. జాబితా తీసుకుని, మళ్లీ అదే మ్యాప్ ఫైలుతో ఆ చోట్లను సున్నాలతో నింపి మామూలుగా చేశాం. ఎక్కువ భాగం పాత సినిమాల మీద పడింది. మా వాటికి తగిలినవి పాటలు నాలుగు, ఫోనుతో తీసిన వీడియో ఒకటి, పాటల సాహిత్యం టైపు చేసుకున్న వర్డ్ ఫైలు ఒకటి.

ఇక్కడ నాకు బాగా తెలిసొచ్చిన విషయం, ఏ రూపంలో దాచుకున్నామన్నది ఎంత ముఖ్యమో. పాటలన్నీ వేవ్ ఫైళ్లు, అంటే శబ్దాన్ని కుదించకుండా దాచినవి. గంటకు దాదాపు 635 ఎంబీ తింటుందని, ఎంపీ3 చేసుకోమని అప్పట్లో అందరూ చెప్పేవారు. ఆ వేవ్ ఫైళ్లే నిలబెట్టాయి. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, స్టీరియో అంటే సెకనుకు 1,76,400 బైట్లు. ఈ డిస్కులో చదవలేని ఒక ముక్క 4,096 బైట్లు. భాగించి చూడండి, సెకనులో నలభయ్యో వంతుకు అటూ ఇటూ. శబ్దాన్ని సరిచేసుకునే అడాసిటీ ప్రోగ్రామ్‌లో దగ్గరికి లాగి చూస్తే అల మధ్యలో ఒక చదునైన గీత, చెవికి చిన్న టిక్కు. దాని ముందూ వెనకా పాట చెక్కుచెదరలేదు. అడాసిటీలో రిపేర్ అని ఒకటుంది, 128 శాంపిళ్ల దాకానే అతుకుతుంది. నా గాయాలు ఒక్కోటి కనీసం 1,024 శాంపిళ్లు. కాబట్టి అతకలేదు, అలాగే ఉంచాను.

నాలుగింటిలో ఒకటి అసలు తెరుచుకోలేదు. సరిగ్గా ఫైలు మొదటి ముక్కే పోయింది, ఇది ఎలాంటి శబ్దమో చెప్పే వివరాలు అక్కడే ఉంటాయి. అడాసిటీలో రా డేటా ఇంపోర్ట్‌కు వెళ్లి ఆ వివరాలు మనమే చెప్పొచ్చు: 16 బిట్, లిటిల్ ఎండియన్, రెండు చానళ్లు, 44,100. మొదట హోరుమని ఇసుక పోసినట్టు వచ్చింది, ఎన్ని బిట్లన్నది తప్పు ఎంచుకున్నాను. సరిచేసి మళ్లీ నొక్కితే పెద్దత్త గొంతు సవరించుకోవడం వినిపించింది. మళ్లీ వచ్చి పక్కన కూర్చున్న మేనల్లుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

వీడియో సంగతి వేరు. ఫోను వీడియోల్లో సూచిక తరచు ఫైలు చివర ఉంటుంది, అక్కడ దెబ్బ తగిలితే మిగతాదంతా ఉన్నా ఏ ప్లేయరూ తెరవదు. అదే ఫోనుతో తీసిన మంచి వీడియో ఒకటి నమూనాగా ఇస్తే అన్‌ట్రంక్ అనే ప్రోగ్రామ్ సూచికను తిరిగి కడుతుంది. బొమ్మ వచ్చింది, చివర్లో గళ్లు గళ్లుగా చెదిరి ఆగిపోతుంది. వర్డ్ ఫైలు లోపల జిప్, అంటే కుదించి కట్టిన మూట కాబట్టి దాని గతీ అంతే: గాయం దాకా ఉన్న అక్షరాలు బయటికి తీశాం, తర్వాతివి పోయాయి. ఇప్పుడు సాహిత్యం మొత్తం మామూలు టెక్స్ట్ ఫైళ్లలో మళ్లీ టైపు చేస్తున్నాను.

నిజంగా నష్టపోయింది ఒక్క అప్పగింతల పాటలో. అక్కడ వరసగా చాలా ముక్కలు పోయాయి, ఒక పాదం సగం నుంచి తర్వాతి పాదం మొదలుదాకా నిశ్శబ్దం. రేపల్లెలో ఉన్న చిన్నత్తకు ఫోను చేశాను. ఆవిడ ఆ పాదం పాడింది కానీ మాటలు కొంచెం వేరు, వాళ్ల అత్తవారి ఊరి వరస. దాన్ని ఇందులో అతికించమని మేనల్లుడు అన్నాడు, వినేవాళ్లకు తెలియదని. నేను ఒప్పుకోలేదు. పెద్దత్త పాటలో ఖాళీ ఖాళీగానే ఉండాలి, చిన్నత్త పాట చిన్నత్త పేరుతో వేరే ఫైలుగా ఉండాలి. రేపు ఎవరైనా ఈ పాటల మీద పని చేయాలనుకుంటే ఏది ఎవరి గొంతో, ఏది ఏ ఊరిదో తేడా తెలియాలి కదా.

ప్రస్తుతం మూడు కాపీలు ఉన్నాయి. గుంటూరులో ఒకటి, సింగ్ నగర్‌లో తమ్ముడు మారిన రెండో అంతస్తు ఇంట్లో ఒకటి, హైదరాబాద్‌లో మా పెద్దమ్మాయి దగ్గర ఒకటి. ప్రతి ఫైలుకూ షా256 అనే, వేలిముద్ర లాంటి గుర్తు లెక్క కట్టి ఒక జాబితా మేనల్లుడు తయారు చేశాడు. డిస్కు పెట్టి ఆ జాబితాతో సరిచూస్తే ఒక్క బైటు మారినా పేరుతో చెబుతుంది. నెలకోసారి నేను చూస్తాను, పండగకు వచ్చినప్పుడు మా అమ్మాయి తనది తెచ్చి చూపిస్తుంది. పాత డిస్కును మాత్రం పారేయలేదు. ఆ 11 ఎంబీ కోసం ఎప్పుడైనా ల్యాబుకు పంపగలిగే స్తోమత వస్తే పంపాలని, తేదీ రాసి, 'కంప్యూటర్‌కు పెట్టకూడదు' అని పెద్ద అక్షరాలతో చీటీ అంటించి బీరువా పై అరలో పెట్టాను.